గేమ్ ఆడుతూనే కరెంటు తగ్గించడం ఎలా?

రాత్రిపిట్ట
ఇంట్లో కరెంటు బిల్లు పెరిగిన ప్రతిసారీ అందరి చూపూ నా గది మీదే. నేను ఆడేది రోజుకు నాలుగు గంటలు, సెలవు రోజైతే ఇంకాస్త. డెస్క్‌టాప్‌లో ఆర్టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, 750 వాట్ల పవర్ సప్లై, 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది), దాని పక్కన పాతది ఇంకో మానిటర్. తమ్ముడికి హాల్లో టీవీకి తగిలించిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉంది. ఆడటం మానెయ్యమనే సలహా ఇంట్లోనే రోజూ వింటున్నా, ఇక్కడ కూడా వద్దు ప్లీజ్. ఆట చెడకుండా ఎంత తగ్గించొచ్చో చెప్పండి. 750 వాట్లంటే నాలుగు గంటలకు మూడు యూనిట్లు. ఆ లెక్క చూస్తేనే గుండె గుభేలుమంటోంది.

పాతమీటరు
ముందు ఆ లెక్క పక్కన పెట్టు తమ్ముడూ. 750 అనేది ఆ సప్లై ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎప్పుడూ అంతే లాగుతుందని కాదు. లోపలి భాగాలు ఎంత అడిగితే అంతే ఇస్తుంది, మధ్యలో కొంత వేడిగా పోతుంది. 3080 కార్డు గరిష్ఠం 320 వాట్లు. ప్రాసెసర్, ఫ్యాన్లు, మిగతావన్నీ కలుపుకుంటే గోడ దగ్గర 400 నుంచి 450 మధ్య ఉంటుంది. 400 అనుకుంటే నాలుగు గంటలకు 1.6 యూనిట్లు, నెలకు 48. మానిటర్ల ఖర్చు వేరే.

బఫరింగ్_బాబు
అయితే 1000 వాట్ల సప్లై కొన్నా బిల్లు పెరగదా? బిల్లుకి భయపడి మా ఫ్రెండ్ చిన్నది కొన్నాడు. ఇప్పుడు పెద్ద గేమ్ పెడితే చాలు, సిస్టమ్ ఆగిపోతోంది.

పాతమీటరు
పెరగదు బాబూ. చూడాల్సింది 80 ప్లస్ గ్రేడు, అంటే సప్లై ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే ముద్ర. సగం లోడు మీద గోల్డ్ అయితే 90 శాతం, బ్రాంజ్ అయితే 85 శాతం సామర్థ్యం. లోపల 360 వాట్లు కావాలంటే గోల్డ్ గోడ నుంచి 400 తీసుకుంటుంది, బ్రాంజ్ 424 దాకా తీసుకుంటుంది. తేడా 24 వాట్లే. దానికోసం బాగున్న సప్లై మార్చక్కర్లేదు, ఎలాగూ కొత్తది కొనే రోజున చూసుకుంటే చాలు.

నిశాచరి
ఏ సెట్టింగ్ ముట్టుకోకముందే ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్ ఒకటి తెచ్చుకోండి. సాకెట్‌లో మీటరు, మీటరులో పీసీ ప్లగ్గు, అంతే. మన ఊహకీ అసలు ఖర్చుకీ ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

నా దగ్గర జరిగింది చెప్తాను. యుద్ధం మధ్యలో, పొగ, పేలుళ్లు, తెర నిండా మనుషులు. అప్పుడు మీటరు మీద 330 అటూ ఇటూ. ఎస్కేప్ నొక్కి మెనూలోకి వెళ్లాను. నల్లటి తెర, మధ్యలో నాలుగు బటన్లు, అంతే ఉంది. మీటరు 350, 370, అలా ఎక్కి 390 దగ్గర నిలబడింది. ఫ్యాన్ హోరు గది బయటికి వినిపిస్తోంది. ఏమీ లేని మెనూకి ఇంత కరెంటా అనిపించింది. చూస్తే ఆ గేమ్‌లో మెనూకి ఫ్రేమ్ లిమిట్ లేదు, అంటే సెకనుకు ఇన్ని బొమ్మలే (ఫ్రేములే) గీయాలనే హద్దు లేదు. గీయడానికి పని తక్కువ కాబట్టి కార్డు సెకనుకు వందల కొద్దీ ఫ్రేములు గీసి పడేస్తోంది. మానిటర్ చూపించేది 144. మిగతావన్నీ ఎవరి కంటా పడకుండా వేడిగా మారిపోయాయి. భోజనానికి వెళ్తూ పాజ్ చేసి వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆటకి పాజ్ ఉందిగానీ కార్డుకి లేదు.

లెవెల్99
నిశాచరి గారు చెప్పింది నిజం. 2021లో న్యూ వరల్డ్ అనే గేమ్ బీటా (విడుదలకు ముందు ప్రయోగం) అప్పుడు కొందరి ఆర్టీఎక్స్ 3090 కార్డులు ఆడుతుండగానే పోయాయి. ఆ కార్డుల టంకం పనిలో లోపం ఉందని తర్వాత తేలింది, అది వేరే విషయం. కానీ గేమ్ వాళ్లు వెంటనే చేసిన పని మెనూలకి ఫ్రేమ్ లిమిట్ పెట్టడం.

రాత్రిపిట్ట
లిమిట్ ఎక్కడ పెట్టాలి? ప్రతి గేమ్‌లోనూ విడిగా వెతుక్కోవాలా?

నిశాచరి
అక్కర్లేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్ తెరిస్తే మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ కనిపిస్తుంది. దాని దగ్గర్లోనే బ్యాక్‌గ్రౌండ్ అప్లికేషన్ మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని 20 చేసెయ్. ఆల్ట్ ట్యాబ్ కొట్టి చాట్ చూసుకుంటున్నప్పుడు గేమ్ 20 ఫ్రేములే గీస్తుంది. ఏఎమ్‌డీ కార్డు వాళ్లకి రేడియాన్ చిల్ ఉంది. మౌసూ కీబోర్డూ కదలకపోతే అదే ఫ్రేములు తగ్గించేస్తుంది.

హెడ్‌షాట్
లిమిట్ లిమిట్ అంటున్నారు, 60 పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను. షూటర్‌లో 60కీ 144కీ తేడా తెలియదనేవాళ్లు అసలు 144లో ఆడలేదని అర్థం. 60 దగ్గర ఒక ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 144 దగ్గర 7 లోపే. ఆ తేడాలోనే ప్రాణం పోతుంది. కరెంటు కోసం ర్యాంకు వదులుకోమంటే కుదరదు.

లెవెల్99
60 పెట్టమని ఎవరన్నారు బ్రో? ఇంతవరకూ ఆ అంకె ఎత్తింది నువ్వొక్కడివే 😄

నిశాచరి
హెడ్‌షాట్, నీ బాధ నాకు అర్థమైంది. గేమ్ గేమ్‌కీ విడిగా లిమిట్ పెట్టుకోవచ్చు, ప్రోగ్రామ్ సెట్టింగ్స్ అనే ట్యాబ్ ఉన్నది అందుకే. 144 హెర్ట్జ్ మానిటర్ ఉంటే షూటర్‌కి 141 పెట్టు. మానిటర్ రేటుని కార్డు ఫ్రేములతో కలిపి నడిపే జీ-సింక్ లాంటిది ఆన్‌లో ఉంటే మానిటర్ రేటుకి రెండు మూడు ఫ్రేములు కింద ఉండటమే బాగుంటుంది. కథ ఉన్న గేములు, వ్యవసాయం గేములు, కార్డుల గేములకి 60 చాలు. మధ్యరకం వాటికి 90.

హెడ్‌షాట్
141 అయితే ఓకే. కానీ నా గేమ్‌లో 250 వస్తాయి, ఎక్కువ ఫ్రేములుంటే ఇన్‌పుట్ ఆలస్యం (మౌస్ నొక్కాక తెర మీద కనిపించేదాకా పట్టే సమయం) తగ్గుతుందన్నది కూడా నిజమే కదా.

సర్క్యూట్_సీత
నిజమే, కొంత తగ్గుతుంది. టోర్నమెంట్ ఆడే రోజు లిమిట్ తీసెయ్, ఎవరూ కాదనరు. మామూలు రోజుల్లో స్నేహితులతో సరదాగా ఆడేటప్పుడు ఆ 109 ఫ్రేముల కోసం అదనంగా వంద వాట్లు ఎందుకన్నదే ప్రశ్న.

ఇక అసలు సంగతికొస్తాను, ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. కార్డు వాడే కరెంటు ప్రధానంగా రెండిటి మీద ఆధారపడుతుంది: వేగం, వోల్టేజీ. వేగం ఎంత శాతం తగ్గితే వాడకమూ సుమారు అంతే తగ్గుతుంది. వోల్టేజీ మాత్రం వర్గంలో, అంటే దాన్ని దానితోనే గుణించి లెక్క. వేగం అలాగే ఉంచి వోల్టేజీ పది శాతం తగ్గించారనుకోండి, 0.9 ఇంటూ 0.9, అంటే 0.81. చిప్పు వాడకంలో సుమారు 19 శాతం మిగులు, ఫ్రేములు ఒక్కటి కూడా తగ్గవు. కంపెనీలు కార్డుల్ని చివరి నాలుగైదు శాతం వేగం కోసం అవసరానికి మించిన వోల్టేజీతో పంపిస్తాయి. అన్ని చిప్పులూ ఒకేలా తయారవవు, బలహీనమైన చిప్పు కూడా తట్టుకునేలా అందరికీ కలిపి ఎక్కువే పెడతారు. మన కార్డుకి ఆ ఎక్కువ అక్కర్లేకపోవచ్చు. ఆ మిగులునే మనం వెనక్కి తీసుకుంటున్నాం.

బఫరింగ్_బాబు
అక్కా, అండర్‌వోల్ట్ అంటే ఇలా వోల్టేజీ తగ్గించడమే కదా, కార్డు కాలిపోదా? వారంటీ సంగతేంటి?

సర్క్యూట్_సీత
తక్కువ వోల్టేజీకి కార్డు కాలదు. మరీ తగ్గిస్తే గేమ్ క్రాష్ అవుతుంది, లేదా తెర ఒక్క క్షణం నల్లబడి డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కొద్దిగా పెంచుకోవాలి. భయం ఉంటే అండర్‌వోల్ట్ జోలికి పోకు. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని పవర్ లిమిట్ అనే స్లైడర్‌ని 100 నుంచి 75కి లాగు, చాలు. పెద్ద కార్డుల్లో ఎక్కువసార్లు వేగం పడేది పది శాతం లోపే, వాడకం మాత్రం పాతిక శాతం పడుతుంది. 320 వాట్ల కార్డు 240 దాటదు. ఏ కంపెనీ కార్డుకైనా ఆఫ్టర్‌బర్నర్ పనిచేస్తుంది, పేరు చూసి ఆగిపోకండి.

ఫ్యాన్‌హోరు
సీత గారితో ఒక్కచోట విభేదిస్తా. అండర్‌వోల్ట్‌ని అంత తేలిగ్గా చెప్పకండి. ఒక గేమ్‌లో గంటలకొద్దీ నిలబడిన సెట్టింగ్, రే ట్రేసింగ్ (వెలుతురుని నిజంలా లెక్కగట్టే బరువైన పద్ధతి) ఉన్న ఇంకో గేమ్‌లో ఐదు నిమిషాలకే కూలిపోతుంది. మూల కారణం తెలియక జనం విండోస్ మళ్లీ వేసుకుంటారు, ర్యామ్ మారుస్తారు. కొత్తవాళ్లు పవర్ లిమిట్ దగ్గరే ఆగడం మేలు.

సర్క్యూట్_సీత
ఒప్పుకుంటా. ముందు ఫ్రేమ్ లిమిట్, తర్వాత పవర్ లిమిట్, ఓపికుంటేనే అండర్‌వోల్ట్. చేసినా మీకున్న గేముల్లో అన్నిటికన్నా బరువైనదాని మీద పరీక్షించాలి.

తమ్ముడుగేమర్
పీసీ గోల సరే, ఎక్స్‌బాక్స్ సంగతి ఎవరైనా చెప్తారా? పోస్టు పెట్టినవాళ్ల ఇంట్లోనూ ఉందన్నారు కదా.

కన్సోల్‌కాపరి
ఎక్స్‌బాక్స్‌లో ముందు చూడాల్సింది పవర్ ఆప్షన్స్. స్లీప్ మోడ్‌లో ఉంటే ఆడకపోయినా 10 నుంచి 15 వాట్లు తాగుతూనే ఉంటుంది. షట్‌డౌన్, అంటే ఎనర్జీ సేవింగ్ పెడితే అర వాటు. రోజుకు ఇరవై గంటలు అలా పడుంటే 13 వాట్ల లెక్కన నెలకు 7.8 యూనిట్లు, ఏమీ ఆడకుండానే! షట్‌డౌన్‌లో అదే మూడోవంతు యూనిట్ కూడా కాదు. అప్‌డేట్లు ఆగిపోతాయని భయం వద్దు, అవి ఆ మోడ్‌లో కూడా దిగుతాయి. ఆపిన చోటి నుంచే ఆట మొదలయ్యే క్విక్ రెజ్యూమ్ కూడా పోదు, ఎందుకంటే ఆట స్థితిని ఎస్ఎస్‌డీలో రాసిపెట్టుకుంటుంది. మనం పోగొట్టుకునేది ఆన్ చేసినప్పుడు కొన్ని సెకన్లు, ఫోన్ నుంచి దూరంగా ఆన్ చేసే సౌకర్యం.

లెవెల్99
ఇంతమంది తెలివైనవాళ్లున్న ఫోరంలో ఎవరి ఎక్స్‌బాక్స్ ఇప్పుడు స్లీప్‌లో ఉందో చెయ్యెత్తండి 🙋

తమ్ముడుగేమర్
ఇప్పుడే మార్చి వచ్చా.

బఫరింగ్_బాబు
పీఎస్5కి కూడా అంతేనా? నేను రాత్రి బోర్డు మీద స్విచ్చే తీసేస్తా, సున్నా వాట్లు.

కన్సోల్‌కాపరి
ఆగు బాబూ, రెస్ట్ మోడ్‌లో ఉండగా స్విచ్ తీయకు! పీఎస్5 రెస్ట్ మోడ్‌లో ఆటని ర్యామ్‌లో పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే సేవ్ చేయని ఆట పోతుంది, ఏదైనా డౌన్‌లోడ్ రాస్తున్న సమయమైతే స్టోరేజీకీ మంచిది కాదు. పూర్తిగా ఆఫ్ చేసి, లైటు ఆరిపోయాక తీసుకో. రెస్ట్ మోడ్‌లో వాడకం ఎక్కువయ్యేది యూఎస్‌బీ పోర్టులకు కరెంటు ఇస్తూ ఉండటం వల్ల. సెట్టింగ్స్‌లో దాన్ని ఆఫ్ చెయ్, లేదా మూడు గంటలకు పెట్టు. కంట్రోలర్ చార్జ్ అవడానికి ఆ మూడు గంటలు సరిపోతాయి.

2025లో పీఎస్5కి పవర్ సేవర్ అని కొత్త ఆప్షన్ కూడా వచ్చింది. అది పనిచేసే గేములు కొన్నే, వాటిలో పనితీరు తగ్గించి కరెంటు మిగులుస్తుంది. నీ గేమ్‌కి ఉందో లేదో ఒకసారి చూసుకో.

పాతమీటరు
కన్సోల్ మీద సినిమాలు చూసేవాళ్లకి ఒక మాట. పీఎస్5లో వీడియో యాప్ తెరిస్తే 50 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది. అదే యాప్ టీవీలోనే ఉంటే అదనంగా అయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఇంట్లో అందరూ కన్సోల్‌ని సీరియళ్లకి వాడుతుంటే ఆ పద్దు గేమర్ ఖాతాలో రాస్తున్నారన్నమాట. రాత్రిపిట్టా, ఇది మీ ఇంట్లో చెప్పు.

రాత్రిపిట్ట
చెప్పకుండా ఉంటానా! మా హాల్లో జరిగేది అచ్చంగా అదే.

చేతిలోడెక్
ఇంత బాధెందుకు, చేతిలో పట్టుకుని ఆడే పరికరం కొనుక్కోండి. స్టీమ్ డెక్ మొదటి మోడల్ బ్యాటరీ 40 వాట్ అవర్లు. చార్జింగ్‌లో పోయేది వదిలేస్తే ఒక్క యూనిట్‌తో పాతిక సార్లు నిండుతుంది. చిప్పు గరిష్ఠం 15 వాట్లు, దాన్ని కూడా మెనూలో 8కో 10కో తగ్గించి ఫ్రేములు 40 దగ్గర ఆపుకోవచ్చు. నింటెండో మొదటి స్విచ్ అయితే టీవీకి పెట్టి ఆడినా 20 వాట్లు దాటదు.

హెడ్‌షాట్
40 ఫ్రేములా 😭

చేతిలోడెక్
మంచం మీద పడుకుని తీరిగ్గా కథ గేమ్ ఆడుకునేవాడికి 40 బంగారం. నీ ర్యాంకు పీసీలోనే ఉంచుకో.

ఫ్యాన్‌హోరు
కరెంటు కోసం కొత్త పరికరం కొనడం నాకు నచ్చని సలహా. ఉన్న పీసీనే బుద్ధిగా వాడితే నెలకు పది పదిహేను యూనిట్లు మిగులుతాయి. ఆ మిగులుతో డెక్ ఖరీదు ఎప్పటికి తిరిగొస్తుంది? ఎలాగూ కొనాలనుకున్నవాళ్లకి సరేగానీ, లేనివాళ్లని ఊరించకండి.

చేతిలోడెక్
అది కూడా నిజమే. నేను ప్రయాణాల కోసం కొన్నా, కరెంటు లాభం కలిసొచ్చింది.

మధ్యతరగతిపిక్సెల్
తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ ఆన్ చేస్తే కరెంటు తగ్గుతుందని ఒక వీడియోలో చెప్పారు. నేను ఆన్ చేసి చూస్తే వాట్లు అలాగే ఉన్నాయి.

సర్క్యూట్_సీత
లిమిట్ లేకుండా ఆన్ చేసి ఉంటావు. పని తేలికైతే కార్డు ఖాళీగా కూర్చోదు, మిగిలిన బలంతో ఇంకిన్ని ఫ్రేములు గీస్తుంది. వాట్లు అంతే, ఫ్రేములు పెరిగాయి. ముందు 60కో 90కో లిమిట్ పెట్టి, ఆ తర్వాత డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ మోడ్ ఆన్ చెయ్. అప్పుడు అవే ఫ్రేములు తక్కువ పనితో వస్తాయి కాబట్టి మీటరు దిగుతుంది. నీడలు, రే ట్రేసింగ్ తగ్గించినా ఇదే సూత్రం. లిమిట్ లేనంతవరకూ ఇలాంటి గ్రాఫిక్స్ సెట్టింగులు బిల్లుని పెద్దగా తగ్గించవు.

మధ్యతరగతిపిక్సెల్
పెట్టి చూశా. 260 ఉండేది 190 చూపిస్తోంది, బొమ్మలో నాకైతే తేడా కనిపించలేదు. థాంక్స్ అక్కా.

వేసవిశత్రువు
అందరూ పీసీ వాట్ల దగ్గరే ఆగిపోయారు. గోడ నుంచి లాగిన 400 వాట్లూ చివరికి గదిలో వేడిగానే మారుతుంది, ఇంకెక్కడికీ పోదు. అంటే తలుపులేసుకున్న గదిలో 400 వాట్ల హీటర్ పెట్టుకుని కూర్చున్నట్టే. ఏసీ వేస్తే ఆ వేడిని బయటికి తోయడానికి ఇంకా కరెంటు కావాలి. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి బయటికి తోసే ఏసీ అనుకుంటే, పీసీ 400కి ఏసీలో అదనంగా 130 పైన. కాబట్టి పీసీలో 120 వాట్లు తగ్గిస్తే ఏసీ రోజుల్లో అసలు మిగిలేది 160. నేను పవర్ లిమిట్ పెట్టింది బిల్లు కోసం కాదు, ఒళ్లు చెమటలు పట్టకుండా ఆడదామని. ఏసీ మీద రెండు డిగ్రీలు పెంచినా గది హాయిగానే ఉంది.

లెవెల్99
చలికాలంలో లిమిట్ తీసేసి గది వెచ్చబెట్టుకోవచ్చు అయితే 😄

పాతమీటరు
గదిలో మామూలు హీటర్ వాడే ఇల్లయితే అది నిజంగానే సరైన లెక్క. అప్పుడు పీసీ వేడి వృథా కాదు.

బఫరింగ్_బాబు
ఆర్‌జీబీ (రంగుల) లైట్లు తీసేస్తే ఎంత మిగులుతుంది?

ఫ్యాన్‌హోరు
కొన్ని వాట్లు. ఇష్టమైతే ఉంచుకో బాబూ, గొడవ అక్కడ లేదు. దానికన్నా మానిటర్ బ్రైట్‌నెస్ చూడు. ఎల్‌సీడీలో తెర నల్లగా ఉన్నా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్రైట్‌నెస్ దించితేనే తగ్గేది. ఓఎల్ఈడీలో మాత్రం చీకటి దృశ్యానికి ఖర్చు తక్కువ, మంచు దృశ్యానికి ఎక్కువ. పెద్ద టీవీలో హెచ్‌డీఆర్ వేస్తే ఇంకా పెరుగుతుంది.

పుస్తకాలపురుగు
దీని మీద గట్టిగానే పరిశోధన జరిగింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీకి చెందిన ఇవాన్ మిల్స్ 2015లో గేమింగ్ కంప్యూటర్ల మీద ఒక పత్రం తెచ్చారు. అందులో ఒక సాధారణ గేమింగ్ పీసీ ఏడాదికి సుమారు 1400 యూనిట్లు వాడుతుందని లెక్క కట్టారు. భాగాలూ సెట్టింగులూ సరిగ్గా ఎంచుకుంటే అందులో చాలా భాగం తగ్గించొచ్చని కూడా చూపించారు.

హెడ్‌షాట్
1400 ఎక్కువే చెప్పారనిపిస్తోంది. పైన 400 వాట్లు నాలుగు గంటలన్నారు, ఏడాదికి 584 యూనిట్లే కదా.

పుస్తకాలపురుగు
584 అనేది ఆట గంటలకి మాత్రమే. ఆడకుండా వీడియోలు చూసే గంటలు, ఊరికే వదిలేసిన గంటలు, మానిటరు, ఇవన్నీ కూడా కలుపు. పైగా అప్పట్లో పాత భాగాలకి ఊరికే ఉన్నప్పుడు కూడా వాడకం ఎక్కువ. తర్వాత వచ్చిన ఆర్టీఎక్స్ 4060 గరిష్ఠమే 115 వాట్లు, ఆర్టీఎక్స్ 4090ది 450. ఏ కార్డు అన్నదాన్ని బట్టే అంకె నాలుగింతలు మారుతుంది.

రాత్రిపిట్ట
మీటరు తెచ్చుకున్నా. ముందు ఏమీ మార్చకుండా చూశా, నేనెప్పుడూ ఆడే గేమ్‌లో 430. 90 లిమిట్, 75 పవర్ లిమిట్ పెట్టాక 290 దగ్గర ఆగుతోంది. ఫ్యాన్ చప్పుడు సగమైంది, హెడ్‌ఫోన్ లేకుండా ఆడుతున్నా. తమ్ముడి ఎక్స్‌బాక్స్ కూడా షట్‌డౌన్‌కి మార్చాం.

ఒక్కటి అర్థం కావట్లేదు. ఏ గేమూ లేకుండా డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు కూడా 105 చూపిస్తోంది. రెండో మానిటర్ కేబుల్ పీకేస్తే 80కి పడిపోతోంది. ఆ మానిటర్ ప్లగ్గు మీటరుకి లేదు, వేరే సాకెట్‌లో ఉంది. మరి పీసీ వాడకం ఎందుకు తగ్గినట్టు?

సర్క్యూట్_సీత
ఒకటి 144, ఇంకోటి 60 అయ్యుంటుంది. రెండు మానిటర్ల రేట్లు వేరైతే కొన్ని కార్డులు మెమరీ వేగాన్ని కిందికి దించలేవు, ఊరికే ఉన్నా పూర్తి వేగంతో తిప్పుతూ ఉంటాయి. ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ క్లాక్ చూడు, పెద్ద అంకె ఉంటే అదే కారణం. పెద్ద మానిటర్‌ని డెస్క్‌టాప్ కోసం 120కి దించి చూడు, 60కి సరిగ్గా రెట్టింపు కాబట్టి చాలాసార్లు సర్దుకుంటుంది.

రాత్రిపిట్ట
120 పెట్టగానే మెమరీ క్లాక్ పడిపోయింది! 84 చూపిస్తోంది. రోజంతా ఆన్‌లో ఉండే పీసీకి ఇది చిన్న విషయం కాదు.

ఫ్యాన్‌హోరు
రోజంతా ఎందుకు ఆన్‌లో ఉంటోంది?

రాత్రిపిట్ట
రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటా. పగలు ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది.

పాతమీటరు
డౌన్‌లోడ్‌కి లెక్క చెప్తా విను. 100 జీబీ గేమ్, 100 ఎమ్‌బీపీఎస్ లైను. లైను పూర్తి వేగం ఇస్తే రెండుంపావు గంటల్లో అయిపోతుంది. నువ్వు ఎనిమిది గంటలు పడుకుంటే మిగతా ఐదు గంటల ముప్పావు అది ఊరికే వెలుగుతూ ఉంటుంది. 84 వాట్ల మీద ఆ ఐదు గంటల ముప్పావుకి అర యూనిట్ దాకా పోతుంది. సాయంత్రం ఆడే ముందో భోజనం టైమ్‌లోనో డౌన్‌లోడ్ పెట్టుకో.

కన్సోల్‌కాపరి
రాత్రే పెట్టాలంటే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో మూడు గంటల తర్వాత షట్‌డౌన్ అయ్యేలా ఒక పని రాసిపెట్టు. డౌన్‌లోడ్ మధ్యలో ఆగినా ఫర్వాలేదు, మర్నాడు ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

బఫరింగ్_బాబు
మా ఇంట్లో లైను 20 ఎమ్‌బీపీఎస్. 100 జీబీకి పదకొండు గంటలు పడుతుంది, నేనేం చేయాలి?

చేతిలోడెక్
ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉందా? దాన్లో స్టీమ్ (గేములు కొని దింపుకునే యాప్) వేసి డౌన్‌లోడ్ అక్కడ పెట్టు, 15 వాట్లతో అయిపోతుంది. పొద్దున పీసీలో అదే గేమ్ ఇన్‌స్టాల్ నొక్కితే ఇంట్లో నెట్‌వర్క్ మీదే ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్లు తెచ్చుకుంటుంది. రెండిట్లోనూ ఒకే అకౌంట్ ఉంటే తేలిక, సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చెయ్యి.

బఫరింగ్_బాబు
ఉంది, అటక మీద. దింపుతున్నా.